టీచర్ ట్రైనింగ్‌కి డిజిటల్ మెటీరియల్ ఎలా తయారు చేయాలి: మూడో తరగతి తీసివేతలతో మొదలుపెట్టి

కాంప్లెక్స్ మీటింగ్‌లో, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే సమావేశంలో, భోజనాలయ్యాక ప్రొజెక్టర్ ఆన్ చేస్తారు. కిటికీలకు కర్టెన్లు ఉండవు కాబట్టి తెర మీది అక్షరాలు సగం వెలుగులో కలిసిపోతాయి. శిక్షణ ఇచ్చే ఆర్‌పీ (రిసోర్స్ పర్సన్) ఒక్కో స్లైడూ పైకి చదువుతారు. వెనక బెంచీలో ఒకరు స్లైడ్లకి ఫోటోలు తీసుకుంటుంటే, ఇంకొకరు ఆ రోజు పూర్తి చేయాల్సిన ఆన్‌లైన్ ఎంట్రీలతో కుస్తీ పడుతుంటారు. సాయంత్రం సంతకాలు పెట్టి ఎవరి దారిన వాళ్లు వెళ్తారు. మర్నాడు బడిలో ఏమీ మారదు. ఇందులో తప్పు ఆర్‌పీది కాదు, టీచర్లదీ కాదు. వాళ్ల చేతికి వచ్చిన మెటీరియలే అలాంటిది.

ప్రాథమిక టీచర్ల శిక్షణకి వీడియోలు, ఆడియోలు, చిన్న చిన్న కరపత్రాలు తయారు చేయడం కొన్నేళ్లుగా నా పని. నేను చేసిన మొదటి వీడియో స్థానవిలువ మీద, 22 నిమిషాలు. బొమ్మలు కదిలేవి, రంగులు బాగుండేవి. అది చూసిన ఒక టీచరమ్మ నన్ను పక్కకి పిలిచి, "మాకు తీసివేతలు వచ్చు మేడం. పిల్లలకి ఎందుకు రావట్లేదో చెప్పండి" అన్నారు. ఆవిడ అడిగిన దానికి నా వీడియోలో జవాబు లేదు. పిల్లలకి చెప్పాల్సిన పాఠాన్నే తెచ్చి నేను టీచర్లకి చెప్పాను. శిక్షణ పేరుతో తయారవుతున్న వీడియోల్లో చాలావాటికి ఈ లోపమే ఉంది. టీచర్‌కి పాఠం చెప్పక్కర్లేదు. పిల్లవాడు ఎలా ఆలోచిస్తున్నాడో చూపించాలి, రేపు పొద్దున తరగతిలో చేయడానికి ఒక పని ఇవ్వాలి.

ఇప్పుడు ఈ పనికి అవకాశం బాగా పెరిగింది. పాఠాలు, శిక్షణ మెటీరియల్ ఉంచే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షా 2017 సెప్టెంబర్ 5న మొదలైంది. 2019లో నిష్ఠా అనే జాతీయ టీచర్ల శిక్షణ ముఖాముఖిగా మొదలై, మరుసటి ఏడాది కోవిడ్ వల్ల ఆన్‌లైన్‌కి మారింది. ప్రతి టీచరూ ఏటా 50 గంటల వృత్తిపరమైన శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. ఆ గంటల్ని దేనితో నింపుతామన్నది మనలాంటి వాళ్ల చేతిలోనే ఉంది. మీరు ఆర్‌పీ అయినా, డైట్ (జిల్లా టీచర్ల శిక్షణ సంస్థ) లెక్చరర్ అయినా, సొంత ఆసక్తితో మొదలుపెట్టాలనుకుంటున్న టీచర్ అయినా, ఫోన్ ఒకటీ పాత ల్యాప్‌టాప్ ఒకటీ ఉంటే చాలు. ఒక్క ఉదాహరణని చివరిదాకా పట్టుకుని చెబుతాను.

1. ఒక్క తప్పుని పట్టుకోండి

"గణిత బోధనా పద్ధతులు" అని శీర్షిక పెట్టుకుని కూర్చుంటే మళ్లీ స్లైడ్లే తయారవుతాయి. దాని బదులు దగ్గర్లోని రెండు బడులకి వెళ్లి మూడో తరగతి పిల్లల నోటుబుక్కులు ఒక ఇరవై అడిగి తీసుకోండి. తీసివేతలున్న పేజీలకి ఫోటోలు తీయండి. సాయంత్రం కూర్చుని, ఒకే రకం తప్పులన్నీ ఒకచోట పెట్టండి. మార్కులు లెక్కపెట్టొద్దు, తప్పుల్ని చూడండి.

మీకు తప్పకుండా ఇది కనిపిస్తుంది: 52 నుంచి 27 తీసేస్తే 35.

అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదిది. అదే పిల్లవాడు 61 నుంచి 38 తీసేస్తే 37 అని రాస్తాడు, 43 నుంచి 19 తీసేస్తే 36 అంటాడు. ప్రతి నిలువు వరసలోనూ పెద్ద అంకె నుంచి చిన్న అంకెని తీసేస్తున్నాడు. పక్కన కూర్చుని "ఎలా చేశావు నాన్నా, నాకు చెప్పు" అని అడగండి. "రెండులోంచి ఏడు పోదు కదా, అందుకని ఏడులోంచి రెండు తీశా" అంటాడు. రెండులోంచి ఏడు పోదన్న మాట వాడికి ఎక్కడిది? మనం చెప్పిందే. బోర్డు దగ్గర నిలబడి రోజూ చెబుతాం: "చిన్నదాంట్లోంచి పెద్దది పోదు". పిల్లవాడు ఆ మాటని నిజంగా నమ్మి, తనకి తోచిన దారి వెతుక్కున్నాడు.

"పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అన్న మాట కూడా ఇలాంటిదే. పక్కింటి నుంచి ఒకటి తెస్తే అది పది ఎలా అయింది? తెచ్చిన అప్పు మళ్లీ ఎందుకు తీర్చం? మూడో తరగతి పిల్లకి ఈ సందేహాలు రావడం న్యాయమే. అడిగే ధైర్యం లేక పైన చిన్న ఒకటి వేయడం మాత్రం నేర్చుకుంటుంది. ఒక్కోసారి ఆ ఒకటి వేసి పక్క అంకెని తగ్గించడం మర్చిపోతుంది, అప్పుడూ 35 వస్తుంది. అంటే ఒకే తప్పు జవాబు వెనక రెండు వేర్వేరు ఆలోచనలు ఉండొచ్చు. పిల్లని అడిగితే తప్ప ఏది ఏదో తెలియదు. టీచర్లు ఆసక్తిగా ముందుకి వంగి వినేది ఇక్కడే. ఇంతకంటే మంచి విషయం మీ మొదటి వీడియోకి దొరకదు.

తెలుగు బోధనకైనా ఇదే దారి. గుణింతంలో దీర్ఘం వదిలేయడం, ఒత్తుని పక్క అక్షరానికి తగిలించడం లాంటివి నోటుబుక్కుల్లో కుప్పలుగా ఉంటాయి.

2. టీచర్ చేతిలో ఏ ఫోన్ ఉందో, ఎప్పుడు చూస్తారో అడగండి

పదిమంది టీచర్లకి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు వేయండి. మీ ఫోన్‌లో ఎంత జాగా ఖాళీగా ఉంది? బడి దగ్గర సిగ్నల్ వస్తుందా? శిక్షణ వీడియో చివరిసారి ఎప్పుడు, ఎక్కడ కూర్చుని చూశారు? మూడో ప్రశ్నకి వచ్చే జవాబులు విలువైనవి. బస్సులో అంటారు, వంట చేస్తూ విన్నానంటారు, బడిలో పిల్లలు మధ్యాహ్న భోజనం చేస్తున్నప్పుడు అంటారు. తెర వైపు చూడకుండా వినేవాళ్లు ఇంతమంది ఉన్నప్పుడు ఆడియో కూడా చేయాలి కదా.

పాడేరు, ఉట్నూరు, ఏటూరునాగారం వైపు పనిచేసే టీచర్లు మండల కేంద్రానికి వచ్చినప్పుడే డౌన్‌లోడ్ చేసుకుంటారు. వాళ్ల కోసం చేస్తుంటే ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. అక్కడి పిల్లల ఇంటిభాష కోయ, గోండి, కువి లాంటి గిరిజన భాష కావచ్చు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది ఈ అవసరం చూసే. మీ వీడియోలో పిల్లలతో మాట్లాడించే ప్రశ్న ఉంటే, దాన్ని పిల్లల భాషలో ఎలా అడగాలో స్థానిక టీచర్ చేతే చెప్పించండి.

3. ఒక పేజీ స్క్రిప్టు రాయండి

కాగితాన్ని నిలువుగా మడిచి రెండు భాగాలు చేయండి. ఎడమవైపు తెర మీద ఏం కనిపిస్తుందో, కుడివైపు ఏం వినిపిస్తుందో రాయండి. ఐదు నిమిషాలకి ఒక పేజీ దాటకూడదు. నేను ప్రతిసారీ పెట్టుకునే వరస ఇది.

మొదటి అర నిమిషం: నోటుబుక్కు పేజీ, 52 − 27 = 35. నమస్కారాలు, లోగోలు, ముందుమాటలు వద్దు. "ఈ పిల్లవాడు ఎలా ఆలోచించి ఉంటాడు?" అని అడిగి, తెర మీద "ఇక్కడ ఆపండి, పక్కవారితో మాట్లాడండి" అని వేయండి. నిజంగానే పది సెకన్లు నిశ్శబ్దంగా వదలండి.

తర్వాత పిల్లవాడి గొంతు, వాడు చెప్పిన కారణం.

ఆ తర్వాత పుల్లలు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. కట్టకి పది. 27 ఇవ్వాలి. విడిగా రెండే ఉన్నాయి, ఏడు కావాలి. ఏం చేద్దాం? ఒక పాప కట్ట రబ్బరు తీసేస్తుంది. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు విడి పుల్లలు. ఏడు తీస్తే ఐదు మిగిలాయి, రెండు కట్టలు తీస్తే రెండు మిగిలాయి. ఇరవై ఐదు. అప్పు అనే మాటే రాలేదు చూడండి. పుల్లలు ఎక్కడి నుంచో రాలేదు, మన కట్టనే విప్పుకున్నాం. "కట్ట విప్పుదాం" అనే మాట టీచర్ నోటికి అలవాటైతే, "పైన ఒకటి ఎందుకు వేశాం" అన్న ప్రశ్నకి పిల్లలే జవాబు చెబుతారు. రబ్బరు విప్పే ఆ క్షణాన్ని దగ్గర నుంచి తీయండి, తొందరపడి కత్తిరించొద్దు.

చివరి నిమిషం: రేపు తరగతిలో చేయాల్సిన ఒక్క పని. "కొబ్బరి ఈనెలు పదేసి కట్టించండి. 43 − 19 ఇవ్వండి. ముగ్గురు పిల్లల్ని ఎలా చేశారో అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి."

చూడు, ఆగు, ఆలోచించు, రేపు చెయ్యి అనే ఈ పద్ధతిని నేను కనిపెట్టలేదు. సహారా దిగువ ఆఫ్రికా దేశాల టీచర్ల కోసం 2005లో మొదలైన టెస్సా అనే శిక్షణ మెటీరియల్‌లో ఒక తరగతిలో జరిగిన సంఘటన, దాని పక్కనే చేసి చూడాల్సిన కృత్యం, ఇలా జంటలుగా ఉంటాయి. మన దేశంలో 1975–76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకి టీవీ కార్యక్రమాలు పంపిన సైట్ ప్రయోగం జరిగినప్పుడు ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకి టీవీ చేరింది, అందులో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. అప్పట్లో సైన్స్ టీచర్ల శిక్షణలో టీవీతో పాటు రేడియో, అచ్చు కాగితాలు, చేత్తో చేసే పనులు కలిపి ఇచ్చారు. యాభై ఏళ్ల కిందటే తెర ఒక్కటే చాలదని గ్రహించారు.

భాష సంగతి. రాసింది పైకి చదవండి. "చేయబడుతుంది", "పరిగణించబడినది" లాంటివి నోటికి అడ్డం పడతాయి, అక్కడికక్కడే మార్చండి. పాఠ్యపుస్తకంలో ఉన్న పదాలు మాత్రం మార్చొద్దు. ఒకట్లు, పదులు, స్థానవిలువ అని పుస్తకంలో ఉంటే మీరూ అవే అనండి. ఇంగ్లీష్ మీడియం తరగతులు పెరిగాయి కాబట్టి టెన్స్, వన్స్ అని ఒకసారి పక్కన చెప్పండి.

4. చిత్రీకరణ

ముందు అనుమతి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. చట్టం సరే, అంతకంటే ముందు ఆ పిల్ల పరువు ఉంది. తప్పు చేస్తున్న పిల్ల మొహాన్ని ఎప్పుడూ చూపించొద్దు. ఆ వీడియో ఎన్ని గ్రూపులు తిరుగుతుందో మన చేతిలో ఉండదు, ఊళ్లో అందరికీ ఆ పిల్ల తెలుసు. చేతులు, నోటుబుక్కు, పుల్లలు తీయండి. గొంతు చాలు. కాగితం మీద తెలుగులో, తల్లిదండ్రులకి చదివి వినిపించి, ఎక్కడ వాడతామో చెప్పి సంతకం తీసుకోండి. వద్దంటే మానేయండి, బతిమాలొద్దు.

ఫోన్ అడ్డంగా పట్టుకోండి. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే సరిగ్గా కట్ట విప్పేటప్పుడు ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. కిటికీ మీ వెనకో పక్కనో ఉండాలి, పిల్లల వెనక ఉంటే అంతా నల్లగా వస్తుంది. చేతుల్ని పై నుంచి తీయాలంటే రెండు బెంచీల మీద ఒక కర్ర అడ్డంగా పెట్టి, ఫోన్‌ని దానికి కట్టేయండి.

బొమ్మ కొంచెం వణికినా టీచర్లు చూస్తారు, మాట వినపడకపోతే మాత్రం కట్టేస్తారు. ఫ్యాన్ ఆపండి. వైరున్న ఇయర్‌ఫోన్ మైకుని మాట్లాడేవాళ్ల గుండె దగ్గర పిన్నుతో పెట్టండి. మీ వ్యాఖ్యానాన్ని ఇంట్లో విడిగా రికార్డు చేసుకోండి. బట్టల బీరువా తెరిచి దాని ముందు కూర్చుంటే ప్రతిధ్వని తగ్గుతుంది.

తరగతిని సర్ది, పిల్లల చేత వల్లె వేయించి నాటకంలా తీయొద్దు. నలభై ఏళ్ల సర్వీసున్న టీచర్లు మొదటి ఐదు సెకన్లలో పసిగడతారు. ఐదుగురు పిల్లల చుట్టూ పన్నెండు రకాల టీఎల్‌ఎం (బోధనోపకరణాలు) పేర్చి ఉంటే, ఏకోపాధ్యాయ బడిలో మూడు తరగతులు చూసే టీచర్ దాన్ని తన కోసం చేశారని అనుకోరు. గోల ఉండనివ్వండి. కట్ట విప్పాలని తోచక పిల్లలు తికమకపడిన నిమిషం కూడా ఉండనివ్వండి.

5. ఎడిటింగ్, సైజు

షాట్‌కట్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, పాత ల్యాప్‌టాప్ మీదా నడుస్తుంది. ఆడియో శుభ్రం చేయడానికి ఆడాసిటీ, సైజు తగ్గించడానికి హ్యాండ్‌బ్రేక్. నేపథ్య సంగీతం పెట్టొద్దు. సినిమా పాట ముక్కయితే హక్కుల చిక్కు కూడా వస్తుంది.

480పీ నాణ్యత, ఎంపీ4 రకం ఫైలు చాలు. వీడియోకి సెకనుకి 500 కిలోబిట్లు, ఆడియోకి 64 పెడితే ఐదు నిమిషాల వీడియో సుమారు 21 ఎంబీ వస్తుంది. కదలిక తక్కువ కాబట్టి పుల్లలూ అంకెలూ స్పష్టంగానే కనిపిస్తాయి. ఆడియో ఒక్కటే, 64 కిలోబిట్ల మోనోలో, పది నిమిషాలకి 5 ఎంబీ లోపే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియోని అది ఇంకా కుదించేస్తుంది, నోటుబుక్కులో అంకెలు మసకబారతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. ఫైల్ పేరులో తరగతి, విషయం, తేదీ ఉండాలి. "ఫైనల్ 2" అని పెడితే రెండు నెలల తర్వాత మీకే తెలియదు.

మాటలన్నీ కింద తెలుగులో కనిపించేలా వేయండి. వినికిడి సమస్య ఉన్న టీచర్లున్నారు, బస్సులో శబ్దం పెట్టకుండా చూసేవాళ్లూ ఉన్నారు.

6. వీడియోతో పాటు ఒక కాగితం

ఒకే ఒక్క ఏ4 పేజీ, నలుపు తెలుపులో జిరాక్స్ తీసినా అర్థమయ్యేలా. ఒకవైపు తప్పులున్న నోటుబుక్కు పేజీ, రెండోవైపు రేపటి పని. రంగుల గడులు జిరాక్స్‌లో నల్లటి మచ్చలవుతాయి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో టైప్ చేయిస్తారు. అచ్చు చక్కగా వస్తుంది. కానీ ఆ అక్షరాల్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే గజిబిజి గుర్తులొస్తాయి, వెతికితే దొరకవు, తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి అవి తెలుగే కాదు. చూపు లేని టీచర్ ఆ పేజీని వినలేరు. మొదటి నుంచీ యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనైనా ఏ సాఫ్ట్‌వేరైనా తెలుగుగా గుర్తించే పద్ధతిలో, టైప్ చేయండి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంట్లున్నాయి. పీడీఎఫ్ చేశాక, ఫోన్‌లో తెరిచి ఒత్తులు ఊడిపోయాయేమో చూడండి. దానితో పాటు సవరించుకోగలిగే ఫైలునీ ఇవ్వండి.

7. ఇద్దరు టీచర్ల పక్కన కూర్చోండి

అందరికీ పంపే ముందు ఇద్దరికి చూపించండి, వాళ్ల సొంత ఫోన్‌లో. మీరు నోరు మెదపొద్దు, ఇది చాలా కష్టం. ఎక్కడ వెనక్కి జరిపారో, ఎక్కడ వేలు ముందుకి లాగిందో, ఎక్కడ "ఆఁ, మావాళ్లూ ఇంతే" అన్నారో రాసుకోండి. బాగుందా అని అడగొద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు. "రేపు మీరేం చేస్తారు?" అని అడగండి. వెంటనే చెప్పలేకపోతే మీ చివరి నిమిషం సరిగా లేదన్నమాట. ఆ ఇద్దరిలో ఒకరు మర్నాడు తరగతిలో చేస్తున్నప్పుడు వెళ్లి చూడండి. నేను అలా వెళ్లినప్పుడే ఒక సంగతి తెలిసింది. ఈనెలు పదేసి కట్టించడానికే పీరియడ్ అంతా అయిపోయింది. అప్పటి నుంచి "కట్టలు ముందురోజే ఇంటి దగ్గర కట్టుకు రమ్మనండి" అన్న వాక్యం కాగితంలో చేరింది.

8. చేరవేయడం, నడిపించడం

పెన్‌డ్రైవ్, వాట్సాప్, దీక్షా, మూడూ వాడండి. కాంప్లెక్స్ మీటింగ్‌లో ప్రొజెక్టర్ మీద ఏకబిగిన నడిపించొద్దు. నలుగురేసి ఒక ఫోన్ చుట్టూ కూర్చుంటారు, ఆపమన్నచోట ఆపుతారు, మాట్లాడుకుంటారు. ప్రతి బృందానికీ నిజంగా పుల్లల కట్టలివ్వండి. పెద్దవాళ్లయినా విప్పి చూడాల్సిందే. ఆర్‌పీ కోసం ఒక చిన్న సూచన పత్రం పెట్టండి: గంటలో వీడియోకి ఐదు నిమిషాలు, చర్చకి పావుగంట, పుల్లలతో ఇరవై నిమిషాలు, మిగతా సమయంలో ఎవరి తరగతికి వాళ్లు రేపటి లెక్కలు రాసుకోవడం.

9. ఇతరులు మార్చుకునేలా వదలండి

క్రియేటివ్ కామన్స్ బై 4.0 లైసెన్సు అని చివర రాస్తే, మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్పులు వద్దనే లైసెన్సు పెట్టొద్దు. మీ వీడియోలో కొబ్బరి ఈనెలున్నాయి, ఆదిలాబాద్ టీచర్ వెదురు పుల్లలతో మళ్లీ తీసుకోవాలి, కోయలో గొంతు కలుపుకోవాలి. మీరు బయటి నుంచి తీసుకునేవీ ఇలా అనుమతి ఉన్నవే అయ్యుండాలి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు, బొమ్మలు ఈ లైసెన్సుతోనే దొరుకుతాయి. గూగుల్‌లో కనిపించిన బొమ్మల్ని అతికించొద్దు.

10. నెల తర్వాత

ఎంతమంది చూశారు, ఎన్ని సర్టిఫికెట్లు వచ్చాయి అన్నది పై ఆఫీసుకి పంపే లెక్క, అది పంపండి. మీ లెక్క వేరు. మళ్లీ అదే రెండు బడులకి వెళ్లి, అవే ఇరవై నోటుబుక్కులు అడగండి. 35 అని రాసినవి ఎన్ని తగ్గాయో చూడండి. తగ్గకపోతే టీచర్లతో కూర్చుని ఎక్కడ ఆగిందో కనుక్కోండి, వీడియో మళ్లీ తీయండి. తగ్గితే, మిగిలిన తప్పుల్ని మళ్లీ కుప్పలు పెట్టండి. ఈసారి పెద్ద కుప్ప బహుశా ఇది అవుతుంది: 302 నుంచి 148 తీసేయాలి, మధ్యలో సున్నా ఉంది, పదుల కట్టలు ఒక్కటీ లేవు. విప్పడానికి కట్ట ఎక్కడి నుంచి తెస్తారో పిల్లల్ని అడిగి, వాళ్లు చెప్పింది రికార్డు చేసుకోండి.